మహమ్మారి కాలమున వైద్యవిద్య: విద్యార్థుల అనుభవములు

(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు వైద్యవిద్యార్థుల పక్షమున చదువబడిన ఉపన్యాసము)



ఈ ఉపన్యాసమును చదువుచున్నది ఒక్కరే యైనను దీనిని కూర్చినవారము పలువురము. మాలో కొందఱు 2019వ సంవత్సరపు ప్రవేశములలోను, కొందఱు 2020వ సంవత్సరపు ప్రవేశములలోను ఎం.బి.బి.ఎస్. తరగతులలో చేరినవారు. ఇద్దఱు చీనాదేశమునకు పోయి చదివినవారు. అందఱమును ఏదో యొక కాలమున మన సంఘ వసతిగృహపు అన్నము తిన్నవారమే. కావున "మేము" అను మాటను ఈ యందఱి పక్షమునను వాడుచున్నాము.

మా తరమువారిని బంధువులును ఇరుగుపొరుగువారును "కరోనా బ్యాచి" అని పిలుచుట కలదు. పెండ్లి పంక్తిలో కూర్చున్నప్పుడు, "ఏమిరా అల్లుడూ, నీవు ఫోనులో చదివిన డాక్టరువు గదా, మా నాడిని కూడ ఫోనులోనే చూతువా?" అని మేనమామలు పరిహాస మాడుదురు. మేనమామ పరిహాసమునకు కోపగించుకొనువారము కాము. కాని ఆ మాట వెనుక ఒక నిజమైన ప్రశ్న దాగియున్నది. రోగిని తాకక, శవమును కోయక, తెరపై బొమ్మలు చూచి నేర్చిన వైద్యునికి ప్రాణము నప్పగింపవచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారము మేమే. అప్పుడు మాకు దక్కిన దేమి, దక్కని దేమి, దక్కనిదానిలో తరువాత సంపాదించుకొన్న దెంత, ఈ మూడును దాపఱికము లేక చెప్పుటకై నేడు మీ యెదుట నిలిచితిమి.

భారతదేశమున ఈ వ్యాధి సోకినట్లు మొట్టమొదట నిర్ధారింపబడినది 2020 జనవరి 30వ తేదీన. ఆ రోగి కేరళమునకు చెందిన యొక వైద్యవిద్యార్థిని. చీనాలోని వుహాన్ నగరమున చదువుచు స్వస్థలము చేరినది. దేశమున తొలి రోగియే మా తోటి విద్యార్థిని యగుట నాడు మాకు వింతగా తోచెను. అప్పటికి మాలో 2019లో చేరినవారము మొదటి సంవత్సరమున నుంటిమి.

ఆ 2019 ఆగస్టు నుండియే దేశమున వైద్యవిద్యకు నూతన పాఠ్యప్రణాళిక అమలులోనికి వచ్చెనని పెద్దలలో కొందఱికి తెలిసియుండకపోవచ్చును. అంతవఱకు 1997 నాటి నిబంధనల ననుసరించి బోధన జరుగుచుండెను. పుస్తకములు వల్లించి పరీక్షలు నెగ్గిన విద్యార్థి రోగి యెదుట చేతులు వణకించుచున్నాడని గ్రహించి, భారత వైద్యమండలివారు "ఏమి చదివెను" అను ప్రశ్నకు బదులు "ఏమి చేయగలడు" అను ప్రశ్నను ముందునకు తెచ్చిరి. మొదటి యేటనే విద్యార్థిని రోగి చెంతకు కొనిపోవుట, రోగితోను బంధువులతోను మాటలాడు తీరు నేర్పుట అందలి ముఖ్యాంశములు. "శవమే మన ప్రథమ గురువు" అను పేర మొదటి సంవత్సరమున ఒక పాఠమే కలదు. వైద్యము చేతితో నేర్వవలసిన విద్య యని చాటిన ఆ ప్రణాళికకు మొదటి శిష్యులము మేము. ఎనిమిది నెలలు నిండకమునుపే చేతులు కట్టివేయబడినవారమును మేమే.

2020 మార్చి నడుమ కళాశాలలు మూతపడినవి. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుండి దేశమంతటను లాక్‌డౌను. రెండు వారములలో మరలవత్తుమను తలంపుతో రెండు జతల బట్టలతో బయలుదేఱితిమి. వెంట కొనిపోవలసిన దేది, విడిచిపోవలసిన దేది అను వివేచనకు వ్యవధి లేదు. మాలో ఒకరు మాత్రము ఎముకల పెట్టెను మఱువక తీసికొని పోయెను. వైద్యవిద్యార్థులు మొదటి యేట అభ్యాసమునకై "బోన్‌సెట్టు" అను మనుష్యాస్థుల పెట్టెను కొనుట లేక పై తరగతివారి వద్ద పుచ్చుకొనుట వాడుక. ఆ పెట్టెను చూచి నాయనమ్మగారు గడప దాటనీయలేదు. "ఎవరి యెముకలో, ఏ గోత్రమో, దేవుని యర్ర యున్న యింట పెట్టుదువా?" అని గొడ్లచావడిలోని అటుకపై పెట్టించినారు. ఆ వేసవి యంతయు ఆ విద్యార్థి పశువుల నడుమ కూర్చుండి తొడయెముక చేతబట్టుకొని ఫోనులో పాఠము వినెను. ఇతరులతో పోల్చిన నతడు అదృష్టవంతుడనియే చెప్పవలెను. అతని చేతిలో ఒక్క యెముకయైన నుండెను.

ఆన్‌లైను తరగతులను నిందించుటకే మేము రాలేదు. వానివలన కలిగిన మేలును దాచుట కృతఘ్నత యగును. ఏబదియేండ్లు దాటిన గురువులు, అంతకు మున్ను నల్లబల్లయు సుద్దముక్కయు తప్ప ఎఱుగనివారు, ఫోనును కుర్చీకి త్రాటితో కట్టి, తెల్లకాగితముపై నరముల కూడలిని గీయుచు చెప్పిరి. జూమ్ ఉచితముగా నిచ్చు నలువది నిమిషములు ముగియగానే తరగతి తెగిపోవుచుండెను; వారు ఓపికతో మరల పిలుచుచుండిరి. తెనుగు మాధ్యమమున చదివి వచ్చినవారికి మఱియొక లాభము కలిగెను. కళాశాలలో ఆంగ్లోపన్యాసము వేగముగా దాటిపోవుచుండగా తల వంచుకొని కూర్చున్నవారు, ఇంటియొద్ద అదే పాఠమును నాలుగుమాఱులు ఆపి, వెనుకకు త్రిప్పి విని గ్రహించిరి. నూటయేబదిమంది నడుమ లేచి అడుగుటకు సిగ్గుపడువారు సందేహమును వ్రాసి పంపిరి. జీవరసాయనము, ఔషధశాస్త్రములోని చాలభాగము, సూక్ష్మజీవుల వర్ణనలు ఇట్లు నేర్చుకొనుటకు అంతగా లోపము లేదని మా యనుభవము.

అసలు లోపము మఱియొక చోట నున్నది. మాలో పెక్కుమందికి కళాశాల మూతపడునప్పటికి కాళ్లు చేతుల శవచ్ఛేదనము పూర్తియై, తల, మెడ, మెదడు మిగిలియుండెను. దేహమున నన్నింటికంటె ఇఱుకైన చోటు మెడ. అంగుళము మేర లోపలనే నరము, ధమని, సిర, శ్వాసనాళము, అన్ననాళము ఒరసికొని యుండును. పుస్తకమున ధమని యెఱ్ఱగాను, సిర నీలముగాను, నరము పసుపుగాను అచ్చువేయుదురు. శవమున నన్నియు ఒకటే బూడిదవన్నె. వానిని వేఱుపఱచి తెలిసికొనుట వ్రేళ్లకు తెలియవలసిన పని. ధమని గోడ దళసరిగా తగులును. నరము దారమువలె గట్టిగా నుండును. ఈ స్పర్శ ఏ తెరపై వచ్చును?

రోగిని పరీక్షించుటయు నట్టిదే. రక్తము తక్కువైనవాని క్రిందిఱెప్పను వంచి పాలిపోయినదో లేదో చూతుము. చవుకరకపు ఫోనులో అన్ని ఱెప్పలును ఒకే రంగున నుండును. ఫోను వెలుగు పెంచిన రోగి ఆరోగ్యవంతు డగును, తగ్గించిన ఆరోగ్యవంతుడు రోగి యగును! పసికలను పగటి వెలుతురున చూడవలెనని శాస్త్రము. ఊపిరితిత్తుల అడుగున వినవచ్చు చిటపట శబ్దమును ఫోనులో వినిపించిరి. అది శబ్దమో, సిగ్నలు చెడిపోవుటయో తెలియక ఒకరి నొకరు వాట్సాపులో నడుగుకొంటిమి. ప్లీహమును తాకి చూచుటకు కడుపు కుడివైపు దిగువనుండి మొదలిడి, రోగి ఊపిరి పీల్చినప్పుడెల్ల చేతిని కొంచెము కొంచెముగా ఎడమ ప్రక్కటెముకలవైపు జరుపవలెను. దీనిని వీడియోలో నూఱుమాఱులు చూచితిమి. మాలో ఒకరు తమ్ముని పరుండబెట్టి అభ్యసించిరి. ఆరోగ్యవంతునికి ప్లీహము చేతికి తగులదు గావున, తగులకపోవుటను మాత్రము చక్కగా నేర్చిరి. గట్టుమీద కూర్చుండి ఈత నేర్చిన చందమాయెను.

ఇది అందఱికిని సమానమైన లోపము. కొందఱికి మాత్రమే కలిగిన లోపములు వేఱుగ కలవు. ఈ సభ విచారింపదగినవి అవియే యని మేము భావించుచున్నాము.

నగరమున నున్నవారికి తీగద్వారా వచ్చు ఇంటర్నెట్టును, ప్రత్యేకపు గదియు నుండెను. పల్లెలోనివారికి ఫోను ఒక్కటే. అదియు అన్నదమ్ముల నడుమ ఒక్కటే. పదవ తరగతి తమ్మునికిని, డిగ్రీ అక్కకును, వైద్యవిద్యార్థికిని ఒకే వేళ తరగతు లుండిన నెవరు వినవలెను? దినమునకు ఒకటిన్నర జీబీ యిచ్చు పథకమున రెండు మూడు పాఠములు ముగియుసరికి డేటా యడుగంటును. చెఱువుగట్టునను, డాబాపై నీళ్లతొట్టి ప్రక్కను, పొలమున మోటారు షెడ్డు కప్పుపైనను కూర్చుండి చదివినవారము మాలో కలరు. మేనెల యెండలో డాబాపై ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోవుచుండెను. హాజరు పట్టికలో అట్టివారికి "రాలేదు" అని పడెను. తరగతికి రాకపోవుటకును, తరగతి తమయొద్దకు రాకపోవుటకును గల భేదము ఆ పట్టికకు తెలియదు.

మా సోదరీమణుల కష్టమును వారే వ్రాసి యిచ్చిరి, దానిని చదువుచున్నాము: "వసతిగృహమున మేము విద్యార్థినులము. ఇల్లు చేరగానే ఆడపిల్లలమైతిమి. చెవిలో పాఠము వినబడుచుండగా చేతులు అంట్లు తోముచుండెను. 'ఇంటనే యున్నావు గదా, ఆ పొయ్యి కాస్త చూడుము' అని అమ్మ యనుట తప్పు కాదు. ఆమెకును ఆ దినములలో పనిమనిషి లేదు, తోడు లేదు. కాని అన్నయ్య పాఠము వినుచున్న గదిలోనికి ఎవరును పోయి పొయ్యి చూడుమనలేదు. ఒకరిద్దఱకు ఆ సంవత్సరముననే సంబంధములు కూడ చూచిరి. కళాశాల తెఱవకపోవుటయే ముహూర్తమునకు అనుకూలమని తలంచినవారు కలరు." దీనిపై మేము వ్యాఖ్య చేయబోము. ముందువరుసలలో కూర్చున్న తల్లులకును తండ్రులకును అర్థమగును.

ఇట్లు తెరయెదుట నున్న మాకు, పల్లెలోనే అసలు రోగులు ఎదురైరి. మొదటి సంవత్సరము ముగియనివారమైనను, ఊరికి మేము "డాక్టరు బాబు", "డాక్టరమ్మ"లము. 2021 ఏప్రిలు, మే నెలలలో రెండవ విజృంభణము వచ్చినప్పుడు రాత్రి పన్నెండు గంటలకు తలుపు తట్టి, వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు తెచ్చి "ఇందులో 91 చూపుచున్నది, భయము లేదుగదా?" అని యడిగిరి. ఆ సంఖ్య 94 కంటె తగ్గిన నుపేక్షింపరాదని మాకు తెలియును. ఆసుపత్రిలో మంచము దొరకదనియు తెలియును. మందు వ్రాయు అధికారము మాకు లేదు. బోరగిల పరుండబెట్టి ఊపిరి పీల్పించుట, గోళ్లకు గోరింటాకు లేని వ్రేలికి యంత్రమును తగిలించి మరల చూచుట, 108కి ఫోను చేయుట, ఏ మాత్రను స్వయముగా మ్రింగరాదో చెప్పుట, ఇవి చేసితిమి.

ఆ మేనెలలోనే నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున నాటుమందునకై జనము తిరునాళ్లవలె మూగిరి. ప్రభుత్వము పంపిణీని ఆపి, పరీక్షలు జరిపించి, మే 31న కంటిలో వేయు చుక్కలను మినహాయించి మిగిలిన వానికి అనుమతి యిచ్చెను. మా యిండ్లలో మమ్మే యడిగిరి: "నీవు చదివినదానిలో దీనినిగూర్చి ఏమి యున్నది?" కోవిడును కుదుర్చునను నిదర్శనము లేదని చెప్పినచో "అయితే నీ మందేది?" యని మరల ప్రశ్న. ఆ ప్రశ్నకు వారు కోపపడకుండునట్లును మేము అబద్ధము చెప్పకుండునట్లును బదులిచ్చుట మేము మాటలాడు తీరు నేర్చిన మొదటి పాఠము. జ్వరములను లెక్కించుటకు ఇల్లిల్లు తిరుగుచున్న ఆశా కార్యకర్తల వెంట మాలో కొందఱు నడచిరి. తలుపు తీయని యింటిని ఎట్లు పలుకరింపవలెనో, దాచిన దగ్గును ఎట్లు బయటపెట్టింపవలెనో, పదవ తరగతితో చదువు మానిన ఆ తల్లులు నేర్పినంతగా మాకు ఏ వీడియోయు నేర్పలేదు.

కళాశాలల విషయమునకు వత్తము. 2020 డిసెంబరు 1వ తేదీలోగా వైద్యకళాశాలలు తెఱువవలసినదిగా కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు వ్రాసెను. ఉత్సాహముతో మరలితిమి. కాని బోధనాసుపత్రులు మునుపటివలె లేవు. సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రి 2020లో చాలకాలము కోవిడు రోగులకే ప్రత్యేకింపబడియుండెను. అట్టివే మఱికొన్ని యుండెను. కడుపునొప్పివారు, గుండెజబ్బువారు, కాన్పులవారు అటు రానిచో విద్యార్థి ఎవరిని చూచి నేర్చును? వచ్చిన కొలదిమందికిని ముఖము సగము మూసియుండెను. పెదవుల నీలిమ చూడరాదు, నాలుకను చూపుమన నడుగ భయము. 2020 ప్రవేశములవారికి తరగతులు ఆలస్యముగా 2021 ఫిబ్రవరిలో మొదలై, మూడు నెలలకే రెండవ విజృంభణము వారిని ఇంటికి పంపెను.

మా పైవారికి ఇందుకు విరుద్ధమైన కష్టము కలిగెను. 2021 మే 3న కేంద్రము చేసిన నిర్ణయముచే హౌస్ సర్జనులను అధ్యాపకుల పర్యవేక్షణలో కోవిడు విధులకును, చివరి సంవత్సరమువారిని ఫోనుద్వారా సలహాలిచ్చుటకును, స్వల్పలక్షణములవారిని కనిపెట్టుటకును వినియోగింప నిశ్చయించిరి. నేర్వవలసిన శస్త్రచికిత్స, ప్రసూతి, శిశువైద్యము ప్రక్కకు జరిగి, ఆక్సిజను గొట్టములు సవరించుటతోనే వారి సేవాకాలమున నెలలు గడచినవి. ఒక వ్యాధిలో వారు మా యందఱికంటె ఆఱితేఱిరి. మిగిలిన వ్యాధుల విషయమున ఆకలితో నుండిరి.

అన్నిటికంటె దీర్ఘమైన దుఃఖము చీనాకు పోయినవారిది. ఇచ్చట సీటు రాక, ప్రైవేటు కళాశాలల రుసుము చెల్లింపలేక, పొలము తాకట్టు పెట్టి పంపిన కుటుంబములు మన సంఘమునను కలవు. 2020 ఆరంభమున ఇల్లు చేరినవారికి చీనా తలుపులు మూసికొనెను. విద్యార్థులకు వీసాలు మరల నిచ్చుట 2022 ఆగస్టులోనే. అక్కడి ఎనిమిది గంటల తరగతి మనకు తెల్లవాఱుజామున అయిదున్నరకు. రెండున్నరయేండ్లు కోడికూతతో లేచి, ఉపాధ్యాయుని ముఖమును అఱచేయంత తెరపై చూచి చదివిరి. 2022 ఫిబ్రవరిలో జాతీయ వైద్య సంఘము, కేవలము ఆన్‌లైనులో చదివిన వైద్యవిద్యను గుర్తింపజాలమని ప్రకటించెను. విచారించి చూడగా ఆ మాట తప్పని మేము వాదింపలేము. రోగిని ముట్టని వైద్యుని పంపుమని ఏ ప్రజయు కోరదు. కాని ఆ తప్పు విద్యార్థిది కాదు. వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయెను. 2022 ఏప్రిలు 29 నాటి తీర్పు ననుసరించి, జూలైలో వచ్చిన యేర్పాటు ప్రకారము, ఆ జూను నెలాఖరు నాటికి పట్టము పొందిన చివరి సంవత్సరమువారు పరీక్ష నెగ్గిన పిమ్మట ఒకయేడాదికి బదులు రెండేండ్లు ఆసుపత్రిలో శిక్షణ పొందవలసి వచ్చెను. న్యాయమైన పరిష్కారమే. అయినను ఇరువదియైదేండ్ల కుమారుడు మఱియొక యేడు సంపాదన లేక నిలిచిన ఇంటికి ఆ న్యాయము బరువే.

ఇప్పుడు మేనమామలకు సమాధానము. 2019లో చేరిన మేము హౌస్ సర్జన్సీ ముగించితిమి. పోయినదానిలో పెద్దభాగమును ఆ యేట సంపాదించుకొంటిమి. అందుకు గురువు లెవరనగా రాత్రి విధులలోని నర్సమ్మలు. సిర దొరకక చెమటలు పట్టుచుండగా, "సూది ప్రక్కన పెట్టి ముందు ఆ చేతిని వెచ్చజేయుమమ్మా" అని చెప్పిన నర్సమ్మ మాట మాలో ఒకరు నేటికిని తలంచుకొందురు. పెరిగిన ప్లీహము మొదటిసారి వ్రేళ్లకు తగిలిన దినము మాలో ప్రతివారికిని గుర్తున్నది. సంపాదించుకొనలేనిది మెడయు మెదడును. శవమునొద్దకు మరల పోవుటకు వ్యవధి దొరకలేదు. శస్త్రవైద్యమునకు పోదలచిన మా మిత్రులు ఆ కొఱతను ఎఱింగియే పోవుచున్నారు, స్వయముగా సరిదిద్దుకొనుచున్నారు. కావున, మామయ్యగారూ, చేయి చూపవచ్చును. మమ్మడుగవలసినది పాఠము ఎందులో వింటివని కాదు, ఎందఱు రోగులను చూచితివని. బోధనాసుపత్రికి పోయినప్పుడు "చదువుకొను పిల్లలు నన్ను తాకరాదు" అని గదమాయించువారు మన పెద్దలలోనే కలరు. వారు తాకనీయని చేయియే రేపు వారి మనుమనికి సూది వేయవలసియుండును.

ఇక కోరికలు రెండు. 2020 మార్చిలో ప్రభుత్వాజ్ఞ ననుసరించి మన వసతిగృహమును మూసిరి, అది తప్పనిసరి. కాని ఆజ్ఞలు సడలిన పిమ్మటను కళాశాలలు తెఱచువఱకు అది తాళము వేసియే యుండెను. గదులు ఖాళీ, గ్రంథాలయము ఖాళీ, తీగ ఇంటర్నెట్టు వాడువారు లేక వృథా. అదే వేళ ఆ గదులలోని విద్యార్థులు చెఱువుగట్లపై సిగ్నలు వెదకుచుండిరి. ఇకముందు ఏ యుపద్రవము వచ్చినను, ఆజ్ఞలు అనుమతించిన మొదటి దినముననే, ఇంట వసతి లేనివారికి, ముఖ్యముగా విద్యార్థినులకు, దూరదూరముగా కొన్ని గదులైనను తెఱచియుంచునట్లు నియమావళిలో ఒక నిబంధన చేర్పవలెనని కోరుచున్నాము. దాని ముసాయిదాను కార్యదర్శిగారికి అందజేసితిమి.

రెండవది, సంఘ విద్యానిధినుండి అప్పు పొంది విదేశములలో చదివినవారి వాయిదాలు చదువు మొదలైన ఏడవయేట ఆరంభమగునట్లు పత్రములలో వ్రాసియున్నది. రెండేండ్ల శిక్షణలో నున్నవారికి అప్పటికి జీతము ప్రారంభము కాలేదు. వారికి మఱి రెండేండ్లు వడ్డీ లేని గడువు ఒసంగవలెను. అట్టివారు మన జాబితాలో నలుగురే. ఈ రెండు విషయములును మధ్యాహ్నపు తీర్మానముల సభకు వచ్చుచున్నవి. ఆ వేళకు సభ్యులు భోజనానంతరము ఇండ్లకు మరలక, కూర్చుండి తమ అభిప్రాయములు తెలుపవలెనని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాము.